మోటర్ హోమ్: నగదు పెట్టాలా, అప్పు చేయాలా?

(టెక్సాస్‌లో తెలుగు కుటుంబాల వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం, చివర అడిగిన కొన్ని ప్రశ్నలతో)

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందే అప్పుల గురించి మాట్లాడమన్నారు. తర్వాత పెడితే సగం సభ కునికిపాట్లు పడుతుందని నిర్వాహకుల భయం కాబోలు.

కోవిడ్ రోజుల్లో విమానం ఎక్కలేక, హోటల్లో దిగలేక మనవాళ్ళు చాలామంది ఆర్వీ, అంటే ఇంటి వసతులున్న బండి, అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్‌కో, గ్రాండ్ కాన్యన్‌కో వెళ్ళొచ్చారు. రుచి మరిగారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళకు దారి పొడవునా మంచం, వంటిల్లు, బాత్‌రూము ఉన్న బండి కంటే సుఖం ఏముంటుంది? ఇంట్లో చేసిన పులిహోరతో ఎక్కడైనా ఆగి తినొచ్చు. అలా మొదలైన సరదా ఇప్పుడు సొంత బండి దాకా వచ్చింది. లెక్కల దగ్గర అందరూ ఆగుతున్నారు.

నేను పన్నులు, రుణాల కాగితాలు చూసే పనిలో చాలా కాలంగా ఉన్నవాడిని. నన్ను అడిగే ప్రశ్న రెండు రకాలుగా ఉంటుంది. "డబ్బుంది కదండీ, ఎనిమిది శాతం వడ్డీ ఎందుకు కట్టాలి, మొత్తం ఒకేసారి ఇచ్చేయనా?" అని కొందరు. "డబ్బు మార్కెట్లో పెరుగుతోంది కదండీ, దాన్ని ఎందుకు కదపాలి, లోను తీసుకోనా?" అని మరికొందరు. రెండూ వడ్డీ చుట్టూ తిరిగే ప్రశ్నలే. నన్నడిగితే వడ్డీది రెండో స్థానం. ఈ బండి ఇక వద్దనుకున్న రోజున ఎంత త్వరగా, ఎంత నష్టంతో బయటపడగలరు అన్నది మొదటి ప్రశ్న. అక్కడి నుంచి లెక్క మొదలుపెడితే కొంచెం వింతైన జవాబు వస్తుంది: ఆర్వీ మీద అప్పు చేయదగినవాడు నగదు ఉన్నవాడే. నగదు లేనివాడు ఆ అప్పు జోలికి పోకూడదు. ఇది నా అభిప్రాయం. కాదనేవారు భోజనాల దగ్గర పట్టుకోండి.

ముందు ధరలు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ట్రైలర్ ఇరవై ముప్ఫై వేల డాలర్లకూ దొరుకుతుంది. దాని గురించి ఇంత చర్చ అక్కర్లేదు. ఇంజను ఉన్న బండ్లలో మూడు తరగతులున్నాయి. మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్ లాంటి వ్యాన్‌లో ఇమిడ్చి కట్టేది క్లాస్ బి. ట్రక్కు ముందుభాగం పెట్టుకుని, డ్రైవర్ తల మీద మంచం ఉన్నట్టు కనిపించేది క్లాస్ సి. బస్సంత ఉండేది క్లాస్ ఎ. బి, సి రెండూ కొత్తవైతే లక్షకు పైనే, లక్షన్నర సాధారణం. డీజిల్ ఇంజను వెనక ఉన్న క్లాస్ ఎ బండ్లకు మూడు, నాలుగు లక్షలైనా ఆశ్చర్యం లేదు. ఇవాళ మన లెక్కకు లక్షన్నర డాలర్ల బండి తీసుకుందాం.

నగదు అంటే ఏమిటో కూడా ఒక మాట. మన దేశంలో స్థలం కొన్న అనుభవం ఉన్నవారికి 'క్యాష్' అనగానే కట్టలు గుర్తొస్తాయి. ఇక్కడ నగదు కొనుగోలు అంటే మీ ఖాతా నుంచి బ్యాంకు బదిలీ (వైరు) చేయడమో, చెక్కు ఇవ్వడమో. నిజంగా నోట్లే పట్టుకెళ్ళారనుకోండి, పదివేల డాలర్లు దాటితే డీలర్ ఫారం 8300 నింపి అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు పంపాలి. అందులో తప్పేమీ లేదు. ఆ కాగితం తప్పించుకుందామని తొమ్మిది వేలు ఒకరోజు, తొమ్మిది వేలు ఇంకోరోజు ఇవ్వడం మాత్రం నేరం. డబ్బు ఎంత సక్రమమైనదైనా అలా ముక్కలు చేయడమే నేరం.

ఇంకొక భ్రమ ఉంది. "మొత్తం డబ్బు ఇప్పుడే ఇస్తానంటే డీలర్ తగ్గిస్తాడు." తగ్గించడు. బ్యాంకు లోను మీద కొన్నా అతనికి డబ్బు వారం పది రోజుల్లో పూర్తిగా వచ్చేస్తుంది. పైగా లోను ఇప్పిస్తే అతనికి వేరే ఆదాయం ఉంది. బ్యాంకు అతనికి ఏడు శాతానికి ఇస్తే, మీకు ఎనిమిది శాతం చెప్పి ఆ తేడాలో వాటా తీసుకుంటాడు. నగదుతో వచ్చినవాడు అతనికి తక్కువ లాభం తెచ్చే గిరాకీ. అందుకే పన్నులూ ఫీజులూ అన్నీ కలిపిన ధర కాగితం మీద తేలేదాకా ఎలా కడతారో చెప్పకండి. ఆర్వీల మీద అచ్చువేసిన ధర పేరుకే. అందులో ఐదో వంతు తగ్గడం మామూలే, నాలుగో వంతుకు పైగా తగ్గిన సందర్భాలూ తక్కువేమీ కాదు. ఆ బేరం ముందు పూర్తి కావాలి.

డీలర్ దగ్గర బేరం సాగే గదిలో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. బల్ల మీద ఒక కాగితం పెడతారు. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత, నాలుగు గళ్ళు. ఒక గడిలో బండి ధర, ఒక దాంట్లో మీ పాత బండికి ఇచ్చే విలువ, ఒక దాంట్లో ముందు కట్టే మొత్తం, నాలుగో గడిలో నెలవాయిదా. అమ్మకందారు పెన్ను కొంతసేపు నాలుగు గళ్ళ మీదా తిరుగుతుంది. తర్వాత నాలుగో గడి చుట్టూ సున్నా చుట్టి అక్కడే ఆగిపోతుంది. "నెలకు ఎంతైతే మీకు సౌకర్యం?" అని అడుగుతారు. మీరు వెయ్యి అన్నారా, వెయ్యికి తెస్తారు. ఎలా తెస్తారు? ధర తగ్గించి కాదు, సంవత్సరాలు పెంచి. కారు లోను ఆరేడేళ్ళతో ఆగుతుంది. ఆర్వీ లోను పది, పదిహేను, ఇరవై ఏళ్ళ దాకా సాగుతుంది. మన వ్యవహారంలో అసలు కీలకం ఇదే.

లక్షన్నర బండికి ఐదో వంతు, అంటే 30,000 ముందు కట్టారు. మిగిలిన 1,20,000 మీద 8 శాతం వడ్డీ. పదేళ్ళయితే నెలకు 1,456 డాలర్లు, మొత్తం వడ్డీ దాదాపు 54,700. పదిహేనేళ్ళయితే నెలకు 1,147, వడ్డీ 86,400. ఇరవై ఏళ్ళయితే నెలకు 1,004, వడ్డీ 1,20,900. మళ్ళీ వినండి: ఇరవై ఏళ్ళలో వడ్డీయే అసలును దాటింది. పదిహేను నుంచి ఇరవైకి వెళ్తే నెలకు తగ్గేది 143 డాలర్లు. దానికి ఇచ్చే మూల్యం 34,500 డాలర్లు. నెలవాయిదా గడి చుట్టూ సున్నా చుట్టడంలో ఉన్న విద్య అంతా ఇదే.

ఇక డీలర్ కలిపిన ఆ ఒక్క శాతం సంగతి. ఇదే అప్పు పదిహేనేళ్ళకు 7 శాతానికి దొరికితే నెలకు 1,079. తేడా 68 డాలర్లే. పదిహేనేళ్ళకు అది 12,000 దాటుతుంది. అందుకే ముందే మీ క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకులో) రుణం మంజూరు చేయించుకుని వెళ్ళండి. డీలర్ అంతకంటే తక్కువ వడ్డీకి ఇప్పిస్తే సంతోషం.

అదే గదిలో ఇంకా కొన్ని అమ్ముతారు. పొడిగించిన వారంటీ, టైర్ల రక్షణ, లోపలి గుడ్డలకు పూత. మూడువేల డాలర్ల పథకాన్ని "నెలకు ఇరవై ఐదు డాలర్లే" అంటారు. నిజమే, ఇరవై ఏళ్ళ పాటు. మొత్తం ఆరు వేలు దాటుతుంది. మూడో ఏడు వాసన కూడా మిగలని పూతకు ఇరవయ్యో ఏడు దాకా వాయిదా కడుతుంటారు. (నవ్వులు)

"ఇవన్నీ కాగితాల్లో చూపించాలి కదా, చట్టం ఉంది కదా" అంటారు. చట్టం ఉంది. 1968 నాటి ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టం ప్రకారం వార్షిక వడ్డీ శాతం, మొత్తం వడ్డీ, మొత్తం కట్టేది ఎంతో విడివిడిగా గళ్ళలో చూపించాలి. ఆ చట్టానికి ఒక పైపరిమితి ఉందని మాత్రం చాలామందికి తెలియదు. ఒకప్పుడు 25,000 డాలర్లు. డాడ్-ఫ్రాంక్ అనే ఆర్థిక సంస్కరణల చట్టం దాన్ని 2011 నుంచి 50,000కు పెంచి, ధరలతో పాటు ఏటా మారేలా చేసింది. 2025కు అది 71,900. అంతకు మించిన వ్యక్తిగత రుణానికి ఆ చట్టం వర్తించదు. ఇల్లూ భూమీ తాకట్టు పెట్టినవి, మీరు నివాసముండేదాన్నే తాకట్టు పెట్టినవి, ప్రైవేటు చదువు రుణాలు మాత్రం మినహాయింపు. అంటే ఇరవై వేల ట్రైలర్ కొన్నవాడికి ఉన్న రక్షణ, లక్షన్నర బండి కొన్నవాడికి ఆ చట్టం కింద లేదు! చాలా సంస్థలు అలవాటు కొద్దీ అదే కాగితం ఇస్తూనే ఉంటాయి. ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి. ముందుగా తీర్చేస్తే జరిమానా ఉందా, వడ్డీని మిగిలిన అసలు మీద రోజువారీగా లెక్కిస్తారా అన్న రెండు వాక్యాలు ఒప్పందంలో ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమనండి.

ఇప్పుడు బండి విలువ. కొత్త ఆర్వీ తొలి ఏడాదిలోనే ఐదో వంతు దాకా విలువ కోల్పోతుందని వ్యాపారంలో వాడుకగా చెప్పుకునే లెక్క. ఐదేళ్ళకు నలభై శాతం పోయిందనుకుందాం. లక్షన్నర బండి 90,000 అయింది. పదిహేనేళ్ళ లోనులో ఐదేళ్ళకు మీరు 68,800 కట్టి ఉంటారు. ఇంకా బాకీ ఎంత? 94,500. ఇరవై ఏళ్ళ లోనైతే 60,200 కట్టినా బాకీ 1,05,000. అంటే బండి అమ్మి, పైన మరో పదిహేను వేలు చేతి నుంచి వేస్తేగానీ వదలదు. ఋణానుబంధం అని మన పెద్దలు పశువులకూ, భార్యాబిడ్డలకూ, ఇంటికీ చెప్పారు. ఆర్వీని చూసి ఉంటే అదీ చేర్చేవారు.

బాకీ ఉన్నంత విలువ లేకపోవడం మామూలు రోజుల్లో ఇబ్బంది కాదు, ఎందుకంటే మీరు అమ్మరు. అమ్మాల్సి వచ్చే రోజు ఎలాంటిదో ఆలోచించండి. అమెరికా ఆర్వీల్లో ఎనభై శాతానికి పైగా తయారయ్యేది ఇండియానా రాష్ట్రంలో ఎల్‌ఖార్ట్ అనే చిన్న ఊరూ దాని పరిసరాల్లోనే. 2008 చివర్లో మాంద్యం రాగానే ఆ ఊరు మొదట కూలింది. 2009లో అక్కడ నిరుద్యోగం ఇరవై శాతం అంచుకు వెళ్ళింది. ఒబామా అధ్యక్షుడైన నెలలోపే, ఫిబ్రవరిలో అక్కడికి వెళ్ళాడు. ఎందుకు ఆ ఊరే? జనం చేతిలో డబ్బు బిగుసుకోగానే మొదట వాయిదా వేసేది ఆర్వీ కొనడాన్ని, మొదట అమ్మకానికి పెట్టేది ఆర్వీనే. కోవిడ్ తర్వాత అదే కథ ఇంకో రూపంలో నడిచింది. 2021లో ఫ్యాక్టరీల నుంచి ఆరు లక్షల బండ్లు బయటికొచ్చాయి. అది రికార్డు. వడ్డీలు సున్నాకు దగ్గరగా ఉన్న రోజులవి. 2022 మార్చిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ పెంచడం మొదలుపెట్టింది. 2023 జులైకి అది ఐదుంపావు, ఐదున్నర మధ్యకు చేరింది. ఆ ఏడాది బయటికొచ్చిన బండ్లు 3,13,000. దాదాపు సగం. అదే 2022 చివర, 2023 మొదట్లో మన టెక్ కంపెనీల్లో ఉద్యోగాలు ఎలా ఊడాయో ఈ గదిలో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు.

అంటే మీ ఉద్యోగానికి గండం వచ్చే రోజులూ, మీ బండికి గిరాకీ పడిపోయే రోజులూ ఒకేసారి రావచ్చు. వడ్డీ రేట్ల పట్టికలో ఈ సంగతి కనిపించదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు ఇది ఇంకా బిగుతు. ఉద్యోగం పోతే సాధారణంగా అరవై రోజుల లోపు ఇంకో యజమాని దొరకాలి, లేదా హోదా మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. అరవై రోజుల్లో ఇల్లు అమ్మడమే కష్టం. విలువను మించిన బాకీ ఉన్న మోటర్ హోమ్‌ను ఆ గడువులో వదిలించుకోవడం ఇంకా కష్టం. అందుకే వీసా మీద ఉన్న కుటుంబాలకు నా సలహా మొరటుగానే ఉంటుంది: గ్రీన్ కార్డు వచ్చేదాకా అద్దె బండే మీ బండి. క్రూయిజ్ అమెరికా లాంటి సంస్థలున్నాయి, యజమానుల నుంచి నేరుగా అద్దెకిప్పించే ఆర్వీషేర్, అవుట్‌డోర్సీ ఉన్నాయి. ఏడాదికి రెండు మూడు వారాలు తిరిగే కుటుంబానికి, వడ్డీ, విలువ తరుగుదల, బీమా కలిపితే అద్దె ఎంత ఎక్కువనిపించినా చవకే.

అయితే నగదే పెట్టేద్దామా? నగదు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

షేర్లు అమ్మి తెచ్చేవారు ఎక్కువ. ఏళ్ళుగా దాచిన కంపెనీ షేర్లలో సగం లాభమే అనుకుందాం. దీర్ఘకాలిక లాభం మీద చాలామందికి 15 శాతం, దంపతుల ఆదాయం 2,50,000 దాటితే దాని మీద మరో 3.8 శాతం. చేతికి 1,20,000 రావాలంటే 1,32,000 పైచిలుకు అమ్మాలి. అంటే నగదుకూ ఒక ధర ఉంది, ఒకేసారి కట్టే ధర. దాన్ని వడ్డీతో పోల్చి చూడాలి.

ఊళ్ళో పొలం అమ్మి తెచ్చేవారూ ఉన్నారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. భారత చట్టంలో గ్రామీణ వ్యవసాయ భూమి మూలధన ఆస్తి కిందికి రాదు, కాబట్టి లాభం మీద అక్కడ పన్ను లేదు. "పన్ను లేని డబ్బు" అని సంతోషంగా తెస్తారు. అమెరికా పన్ను చెల్లింపుదారుకు ప్రపంచంలో ఎక్కడ లాభం వచ్చినా ఇక్కడ లెక్క చూపాల్సిందే. అక్కడ పన్ను కట్టి ఉంటే ఇక్కడ ఆ మేరకు మినహాయింపు దొరికేది. అక్కడ కట్టలేదు కాబట్టి మొత్తం ఇక్కడే కట్టాలి. వారసత్వంగా వచ్చిన భూమి అయితే లెక్క వేరు. పెద్దలు పోయిన నాడు పొలానికి ఉన్న విలువ నుంచి లాభం కొలుస్తారు, ఆ నాటి విలువ కాగితాలు దాచుకోండి. భూమి అమ్మిన డబ్బు ఇండియాలోని మీ ఎన్ఆర్ఓ (ప్రవాసుల రూపాయి) ఖాతా నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా బయటికి పంపొచ్చు, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావాలి. నాన్నగారే బహుమతిగా పంపారనుకోండి, పన్ను లేదు. కానీ ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే ఫారం 3520 దాఖలు చేయాలి. అది మరిచిపోతే పడే జరిమానా ఆ మొత్తంలో నాలుగో వంతు దాకా వెళ్ళగలదు. ఆర్వీ వడ్డీ దాని ముందు పిల్లకాలువ.

ఇంటి మీద రుణరేఖ (ఇల్లు తాకట్టు పెట్టి అవసరమైనప్పుడల్లా వాడుకునే అప్పు) తీసి కొనేవారికి ఒక్క మాట: వద్దు. వడ్డీ తక్కువ, నిజమే. కానీ పోతే పోయేది బండి కాదు, ఇల్లు. 2018 నుంచి ఆ వడ్డీకి పన్ను మినహాయింపు కూడా ఇంటిని కొనడానికో, కట్టడానికో, బాగుచేయడానికో వాడితేనే. ఉద్యోగుల రిటైర్మెంటు పొదుపు ఖాతా 401(కె) నుంచి అప్పు తీసుకోవడమూ అంతే. అందులో 50,000 వరకు తీసుకోవచ్చు, మామూలుగా ఐదేళ్ళలో తీర్చాలి. ఉద్యోగం మారినా, పోయినా ఆ గడువు ఒక్కసారిగా దగ్గర పడుతుంది. కట్టలేకపోతే అది ఆదాయంగా మారి పన్నూ, వయసు తక్కువైతే పది శాతం జరిమానా కూడా వస్తాయి.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే పన్ను మినహాయింపు. ఆర్వీలో పడక, వంటవసతి, మరుగుదొడ్డి ఉంటే దాన్ని రెండో ఇల్లుగా పరిగణిస్తారు, దాని మీద తీసుకున్న తాకట్టు రుణం వడ్డీ తగ్గించుకోవచ్చు. ఇది నిజం. డీలర్ కూడా ఇదే చెబుతాడు. చెప్పనిదేమిటంటే, స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు విడివిడిగా చూపకుండానే అందరికీ దొరికే స్థిర తగ్గింపు) తీసుకునేవారికి దీనితో పైసా లాభం లేదు; విడి ఖర్చుల మొత్తం దాన్ని దాటితేనే లాభం. 2025లో దంపతులకు అది 31,500. టెక్సాస్‌లో ఆదాయపు పన్ను లేదు. ఇంటి పన్ను 12,000, ఇంటి రుణం వడ్డీ 10,000 అనుకుందాం, మొత్తం 22,000. బండి కొన్న ఏడాది దాని అమ్మకపు పన్ను కూడా కలుస్తుంది, అది ఒక్కసారి ముచ్చట. రెండో ఏడాది చూడండి: మన పదిహేనేళ్ళ లోనులో ఆ ఏడు వడ్డీ దాదాపు 9,090. మొత్తం 31,090. స్టాండర్డ్ డిడక్షన్‌కు నాలుగు వందలు తక్కువ! తొమ్మిది వేల వడ్డీ కట్టి, పన్నులో ఒక్క డాలరూ మిగలలేదు. కాలిఫోర్నియాలోనో, న్యూజెర్సీలోనో పెద్ద ఇంటి రుణం ఉన్నవారికి లెక్క వేరుగా రావచ్చు. మీ కాగితాల మీద వేసి చూసుకోండి.

"మార్కెట్లో పది శాతం వస్తుంది, ఎనిమిదికి అప్పు తెస్తే రెండు శాతం లాభం" అనే వాదన ఒకటి మిగిలింది. ఎనిమిది ఖాయం, పది ఖాయం కాదు. 2022లో అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పి 500 డివిడెండ్లు కలిపినా పద్దెనిమిది శాతం పడింది, వాయిదాలు మాత్రం నెల నెలా అలాగే ఉన్నాయి. నష్టభయం లేని ప్రభుత్వ బిల్లులతోనే (ప్రభుత్వం ఇచ్చే స్వల్పకాలిక రుణపత్రాలతోనే) పోల్చాలి. నాలుగు శాతం వస్తోందనుకుంటే, 24 శాతం పన్ను పోగా మూడే. మూడు వచ్చే డబ్బు చేతిలో పెట్టుకుని ఎనిమిదికి అప్పు చేస్తే ఏడాదికి ఐదు శాతం నష్టం.

మరి అప్పు ఎవరికి తగును అన్నాను? 1,20,000 బిల్లుల్లో పెట్టుకుని, పదేళ్ళకు మించకుండా, జరిమానా లేని లోను తీసుకునేవాడికి. అతను కట్టే ఆ ఐదు శాతం, డబ్బు చేతిలో ఉండటానికి ఇచ్చే రుసుము. ఉద్యోగం నిలకడగా లేని ఏడాది, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉన్న ఏడాది, ఇండియాలో పెద్దల పరిస్థితి బాగాలేని ఏడాది, ఆ రుసుము న్యాయమైనదే. బండిలో పెట్టిన డబ్బు అర్ధరాత్రి విమానం టికెట్టుకు పనికిరాదు. గండం గడిచాక ఒక్క చెక్కుతో లోను మూసేస్తాడు. చేతిలో ఏమీ లేక, వాయిదా మాత్రమే మోయగలనని లోను తీసుకున్నవాడికి ఆ దారి లేదు. ఇక నగదు పెట్టి కొన్న తర్వాత కూడా ఏడాది ఇంటి ఖర్చు విడిగా ఉంటే, నిశ్చింతగా నగదే పెట్టండి. లేకపోతే రేటు గురించి కాదు, బండి సైజు గురించి ఆలోచించాలి. ఐదేళ్ళు వాడిన బండి, పెద్ద తరుగుదల ముందు యజమాని భరించేశాక, సగానికి కొంచెం పైన ధరకే దొరుకుతుంది. అన్నట్టు, మరీ పాత బండ్లకు చాలా బ్యాంకులు లోను ఇవ్వవు. ఆ రంగంలో నగదు ఉన్నవాడికి నిజంగానే బేరం కుదురుతుంది.

ఎలా కొన్నా తప్పని ఖర్చులు: మన కాలనీల్లో చాలాచోట్ల ఇంటి ముందు ఆర్వీ పెట్టనివ్వరు, స్టోరేజీకి నెలనెలా అద్దె. పైకప్పు అతుకులు ఏటా చూడాలి. టైర్లు అరగకపోయినా వయసుతో పగులుతాయి. టైరు పక్కన డాట్ అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పాత బండి చూసేటప్పుడు మోకాలి మీద కూర్చుని అది చదవండి. లోను ఉంటే బ్యాంకు చెప్పిన పూర్తి బీమా తప్పదు.

ఇక ప్రశ్నలు.

ప్రశ్న: మోంటానాలో కంపెనీ పెట్టి దాని పేరు మీద కొంటే అమ్మకపు పన్ను ఉండదంటున్నారు?

మోంటానాలో అమ్మకపు పన్ను లేదు, అది నిజం. మనకు టెక్సాస్‌లో 6.25 శాతం, లక్షన్నరకు 9,375 డాలర్లు. ఆశ పుట్టడం సహజం. కానీ బండి ఇక్కడే పెట్టుకుని, ఇక్కడే తిప్పుతూ ఆ పేపరు కంపెనీ చాటున ఉంటే, మీ రాష్ట్రం దాన్ని ఎగవేతగా చూడొచ్చు. బీమా సంస్థ కూడా ప్రమాదం తర్వాత బండి నిజంగా ఎక్కడ ఉంటుందని అడుగుతుంది. నేనైతే ఆ పని చేయించను.

ప్రశ్న: ఖాళీగా ఉన్నప్పుడు అద్దెకిస్తే వాయిదా వెళ్ళిపోదా?

కొన్ని నెలలు వెళ్ళొచ్చు. వేసవిలో గిరాకీ, అదే వేసవిలో మీకూ పిల్లల సెలవులు. ముందు లోను ఒప్పందం చదవండి. అద్దెకివ్వడాన్ని నిషేధించేవి ఉన్నాయి. మామూలు బీమా అద్దెదారు చేసిన నష్టానికి వర్తించదు. పన్ను కోసం రెండో ఇల్లు అని చూపించాలంటే, అద్దెకిచ్చిన ఏడాదిలో మీరు స్వయంగా పద్నాలుగు రోజులకు మించి, లేదా అద్దె రోజుల్లో పది శాతానికి మించి, ఏది ఎక్కువైతే అంత వాడి ఉండాలి.

ప్రశ్న: లోను ఉండగా అమ్మాలంటే ఎలాగండీ? కొనేవాళ్ళు భయపడుతున్నారు.

భయపడతారు, టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద బ్యాంకు హక్కు రాసి ఉంటుంది కదా. పేఆఫ్ లెటర్ అడగండి. ఫలానా తేదీ వరకు ఇంత, ఆ తర్వాత రోజుకు ఇంత వడ్డీ అని అందులో ఉంటుంది. కొనేవారిని మీ బ్యాంకు శాఖకే తీసుకెళ్ళి, వాళ్ళ డబ్బు నేరుగా లోనుకు వేయించండి. తక్కువ పడితే మిగతాది మీరు అక్కడే కట్టాలి. టైటిల్ విడుదలై కొనేవారి పేరు మీదికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ మధ్యకాలానికి ఒక రాతకోత పెట్టుకోండి. ఆ లెటర్‌కు గడువు తక్కువ కాబట్టి, కొనేవారు ఖాయమయ్యాకే తీసుకోండి.